బల్లకు ఆవలి వైపు

గత నెలలో నా పిత్తాశయం తీసేశారు. రాళ్లు చేరాయట. పాతికేళ్ల పాటు ఇతరుల పిత్తాశయాలు తీస్తుంటే డాక్టరుకు ఎదురుగా నిలబడి సాయం చేసిన మనిషిని నేను. చివరికి ఆ బల్ల మీద పడుకునే వంతు వచ్చింది. హబ్సిగూడలో కొత్తగా కట్టిన ఆస్పత్రి అది. మత్తు సూది కోసం ఎదురు చూస్తూ, అలవాటు కొద్దీ థియేటరంతా కళ్లతో కలియజూశాను. దీపం ఎక్కడుంది, పరికరాల బల్ల ఎక్కడుంది, ఎవరు ఎటు నిలబడతారు అని. నా తల పక్కన, కుడివైపు, ఒక పెద్ద టీవీ ఉంది. ఇంతలో డాక్టరు చేతులు ఎత్తి పట్టుకుని వచ్చి నాకు ఎడమ పక్కన నిలబడ్డాడు. పిత్తాశయం కుడివైపు ఉంటుంది, డాక్టరు కుడివైపు నిలబడాలి, ఎడమ వైపు నాది. 'సార్, మీరు ఆ పక్కకు...' అని నోరు తెరిచేలోపే ముక్కు మీదికి మాస్కు వచ్చింది. లేచేసరికి పొట్ట మీద నాలుగు చిన్న పట్టీలు. ఆ ప్రశ్న మాత్రం నాలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక చిల్కానగర్‌లో నా మంచం కింద ఉన్న రేకు పెట్టెను మా తమ్ముడి కూతురితో బయటికి లాగించాను. అడుగున ఆ నోటుబుక్కు ఉంది. అట్ట మీద నా వంకర రాతలో 'తప్పులు' అని ఉంది. లోపల మడతపెట్టిన బటర్ పేపర్లు, వాటి మీద పెన్సిలుతో దించిన బొమ్మలు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. స్పిరిట్ వాసన ఎప్పుడో పోయింది. కానీ ఆ కాగితాలు చూడగానే నాచారంలోని మా రెండు గదుల ఇల్లు, మా అత్తమ్మ దగ్గు, రబ్బరు గ్లౌజులకు పూసే పౌడరు వాసన, అన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి.

అప్పుడు నాచారంలో పొద్దు ఫ్యాక్టరీ సైరనుతోనే మొదలయ్యేది. మొదటి సైరనుకు మా ఆయన సైకిలెక్కేవాడు. రెండో సైరనుకు అత్తమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో కూర్చునేది. ఆమె నూలు మిల్లులో ఇరవై ఏళ్లు తెగిన దారాలు అతికిన మనిషి. ఊపిరితిత్తుల్లో దూది చేరి పని మానేసింది కానీ వేళ్లు పని మానలేదు. చీర కొంగు అంచునుంచి ఒక పోగు లాగడం, దాన్ని తెంపడం, చూడకుండానే మళ్లీ ముడేయడం, రోజంతా అదే. ముడి ఎక్కడుందో వేలితో తడిమినా తెలిసేది కాదు. నేను పని నుంచి రాగానే ముక్కు మూసుకుని, "దవాఖానా వాసన బయటనే ఇడిసిపెట్టి రా పో" అనేది. నేను పెరట్లో కాళ్లూ చేతులూ కడుక్కుని చీర మార్చుకున్నాకే జొన్నరొట్టె పెట్టేది. రొట్టె విరుస్తూ మాత్రం, "ఇయ్యాల ఎవరి పొట్ట కోసిన్రే?" అని ఆరా తీసేది. ఎవరిదో చెప్పకూడదనేదాన్ని. ఏం కోశారో చెప్పమనేది. చెబితే నోరు తెరుచుకుని వినేది.

నేను పని చేసింది ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో. ఎనిమిది మంచాలు, ఒక థియేటరు. నడిపేది గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ. భర్త ఇక్కడేదో ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఆడ డాక్టరు పొట్టలు కోసి ఆపరేషన్లు చేయడమేమిటని మొదట్లో రోగులు వెనుదిరిగి పోయేవారట. నేను చేరేసరికి ఆమె కోసం రామంతాపూర్ నుంచి కూడా వచ్చేవారు. థియేటరు మొత్తం మరియమ్మ సిస్టర్ చేతిలో ఉండేది. నా పని గ్లౌజులు కడగడం, ఊది చిల్లులున్నాయేమో చూడటం, ఆరబెట్టి పౌడరు పూసి డబ్బాలో సర్దడం. ఆ రోజుల్లో గ్లౌజులు ఒకసారి వాడి పారేసేవి కావు. వెదురు బొంగు మీద పదేసి చేతులు వేళ్లు కిందికి పెట్టి వేలాడుతుంటే మొదటి రోజు నాకు భయం వేసింది. తర్వాత వాటికి దండం పెట్టుకోవాలనిపించేది. మనిషి లోపలిదాకా వెళ్లి వచ్చిన చేతులు కదా అవి.

నేను పదో తరగతితో చదువు ఆపేసినా పుస్తకం ఆపలేదు. ఉప్పల్ శాఖా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు అయిపోయాక, ఆదివారాలు బస్సెక్కి కోఠీ పక్కన పెద్ద లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ పై అంతస్తులో మూలకు పాత వైద్య పుస్తకాలుండేవి. ఇంటికివ్వరు, అక్కడే చదవాలి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో మాటనూ తవ్వుకుంటూ పోయేదాన్ని. ఒక్క పేజీకి ఒక మధ్యాహ్నం పట్టేది. కానీ నా చేతి గుండా రోజూ పోయే పరికరం ఎందుకట్లా వంకరగా ఉందో ఆ పేజీలో దొరికినప్పుడు, ఎదురుగా ఎవరున్నా లేకున్నా నవ్వేదాన్ని. నాకు ఎవరూ చెప్పలేదు, నేనే తెలుసుకున్నాను అన్నది ఇచ్చినంత గర్వం ఇంకేదీ ఇవ్వలేదు.

ఆ గర్వమే ఒకరోజు నోరు జారేలా చేసింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే, "మేడమ్, నెత్తురు నరాన్ని రెండు చోట్ల కట్టి మధ్యల కోస్తరు కదా, ఇయ్యాల ఒక్క దిక్కే కట్టిన్రేంది?" అని అడిగేశాను. మరియమ్మ సిస్టర్ నా కాలు తొక్కింది. డాక్టరమ్మ కుళాయి కట్టేసి, "రెండో వైపు బయటికి వచ్చేసే ముక్క. దాన్ని చిమటాతో నొక్కి పట్టాను కదా, చాలు. ఇది నీకెవరు చెప్పారు?" అంది. లైబ్రరీ గురించి చెప్పాను. ఆమె చాలాసేపు తువాలుతో చేతులు తుడుచుకుంది.

ఆమెకు ఎదురుగా నిలబడి సాయం చేసే జూనియర్ డాక్టరు పైచదువుకు పోతున్నాడు. ఆ పని నేర్పే కోర్సు సిటీలో ఒకటుంది కానీ దానికి ఇంటర్ ఉండాలి. "నేనే నేర్పుతాను. నాలుగు నెలలు. అతను వెళ్లేలోపు నా ఎదురుగా నిలబడగలిగితే ఆ చోటు నీది. లేకపోతే బయటి నుంచి మనిషిని తెచ్చుకుంటాను. నువ్వు మళ్లీ గ్లౌజుల దగ్గరికే. బాధపడకూడదు" అంది. సరేనన్నాను. ఆ చోటు నాకు ఎంత కావాలో నాకే ఆ రాత్రి తెలిసింది, నిద్ర పట్టక.

పాఠాలు మధ్యాహ్నం రోగుల హడావిడి తగ్గాక, పరికరాలు ఉడికే గదిలో జరిగేవి. కిరోసిన్ స్టవ్వు గుయ్యిమంటుంటే ఆమె స్టూలు మీద కూర్చుని ప్రశ్నలడిగేది. నా కళ్లకు గుడ్డ కట్టి, చేతిలో పెట్టిన పరికరం పేరు చెప్పమనేది. గాయం అంచును వెనక్కి లాగి పట్టే వంకీని రిట్రాక్టర్ అంటారు. దాన్ని అరగంట కదలకుండా పట్టడమే సగం విద్య అనేది. ఇంట్లో నేను రేడియోలో కార్మికుల కార్యక్రమం మొదలైనప్పుడు నీళ్ల చెంబు చేతపట్టి నిలబడి, అది అయ్యేదాకా దించేదాన్ని కాదు. నీళ్లు తొణికితే అత్తమ్మ లెక్కపెట్టేది. మరొక నియమం నోటుబుక్కు. చేసిన తప్పు ఆరోజే రాయాలి. నావే కాదు, తనవి కూడా ఆమె అందులోనే రాసేది. 'ఈ రోజు తొందరపడ్డాను. కుట్టు విప్పి మళ్లీ వేయాల్సి వచ్చింది' అని అంత పెద్ద డాక్టరు నా పుస్తకంలో రాసి సంతకం పెడితే, ఆ పేజీని వెంటనే తిప్పేసేదాన్ని.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది అగ్గిపెట్టె. ఖాళీ అగ్గిపెట్టెను బల్ల మీద నిలువుగా పెట్టి, దాని చుట్టూ నల్ల దారం చుట్టి, బిగుతుగా ముడేయాలి. పెట్టె పడకూడదు, కదలకూడదు. మనిషి లోపల నరం అంత సున్నితంగా ఉంటుంది, గుంజితే తెగుతుంది అని పరీక్ష. రెండు వారాలు పడేశాను. ఒక సాయంత్రం ఇంట్లో గడపలో కూర్చుని పడేస్తుంటే అత్తమ్మ చూసి చూసి విసుక్కుంది.

"ఇటియ్యి. ఏంది ఆ గుంజుడు? బర్రెను కట్టేస్తున్నవా?"

"నీతోని కాదత్తమ్మా, ఇది డాక్టర్ల ముడి."

"డాక్టర్లకేమన్న ఆరు వేళ్లున్నయా?"

ఆమె దారం తీసుకుంది. పెట్టె వైపు చూడను కూడా లేదు, వీధిలో పోయేవాళ్లను చూస్తోంది. దారం రెండు కొసలు అటూ ఇటూ పోయాయి, చూపుడు వేలు ముడి వెంట కిందికి జారింది. పెట్టె నిలబడే ఉంది. ముడి బిగిసిపోయింది.

"దారాన్ని గుంజకు బిడ్డా, ఏలును దించు. ముడి ఎక్కడ కూసోవాల్నో ఏలుకు ఎర్కయితది" అంది. తర్వాత, మిల్లులో నడుస్తున్న యంత్రం మీద దారాన్ని గుంజితే ఏమవుతుందో చెప్పి, దగ్గి, ఉమ్మి, "దీనికి గన్ని బుక్కులు సదువాల్నా?" అని నవ్వింది. పుస్తకంలో ఆ ముడికి మూడు బొమ్మలున్నాయి, కింద పది వరుసల వివరణ ఉంది. అందులో లేని మాట ఆమె చెప్పింది. మరుసటి రోజు డాక్టరమ్మ ముందు పదిసార్లు కట్టాను. పదిసార్లూ పెట్టె నిలబడింది.

అయినా నా నమ్మకం పుస్తకం మీదే. బల్ల దగ్గర నిలబడే రోజుకు ముందు, లైబ్రరీలో పిత్తాశయం ఆపరేషన్ బొమ్మలన్నీ బటర్ పేపర్ పెట్టి దించుకున్నాను. ఏ కోత తర్వాత ఏది కనిపిస్తుంది, ఏది ఎటు లాగాలి, దేని తర్వాత ఏ పరికరం, అన్నీ అంకెలు వేసుకుని కంఠస్థం చేశాను. దోసె వేస్తూ వల్లె వేసేదాన్ని. ఇంకా మూడు వారాల గడువుండగా మొదటిసారి గౌను వేసి డాక్టరమ్మకు ఎదురుగా నిలబెట్టారు. జూనియర్ డాక్టరు నా పక్కన.

పొట్ట తెరుచుకుంది. నేను దించుకున్న నల్లటి గీతలన్నీ ఒక్కసారిగా రంగులోకి వచ్చాయి. కాలేయం పెసరట్టు అంచులా పలచగా, వంకాయ రంగులో నిగనిగలాడుతూ, మనిషి ఊపిరి తీసినప్పుడల్లా పైకీ కిందికీ కదులుతోంది. అది కదులుతుందని ఏ బొమ్మలోనూ లేదు. నేను దాన్నే చూస్తున్నాను. అప్పుడే డాక్టరమ్మ, "రిట్రాక్టర్ తలవైపు లాగు" అంది. లాగాను, నా ఎడమకు. నా బుర్రలోని పేజీలో తల ఎడమ వైపుంది. కానీ నేను నిలబడ్డ చోట రోగి తల నాకు కుడివైపు, గుడ్డ తెరకు అవతల, రెండు జానల దూరంలోనే ఉంది. నేను లాగింది కాళ్ల వైపు. వెనక్కి పట్టిన కాలేయం జారి వచ్చి, డాక్టరమ్మ చేతికి దారి మూసేసింది. కంగారులో, ఐదు తర్వాత ఆరు అని గుర్తొచ్చి, ఆమె అడగకుండానే కత్తెర అందించాను.

"సుగుణా" అంది ఆమె, గొంతు పెంచకుండా. "రెండు చేతులూ గుడ్డ మీద పెట్టుకో."

జూనియర్ డాక్టరు నా చోటుకు వచ్చాడు. మిగతా ముప్పావు గంటా చేతులు పచ్చగుడ్డ మీద బోర్లా పెట్టుకుని నిలబడ్డాను. ఏడిస్తే కన్నీళ్లు పడతాయని ఏడవలేదు. ఆ సిగ్గులోనూ, ఆ కాలేయం ఊపిరితో కదలడం చూడకుండా ఉండలేకపోయాను.

తర్వాత మరియమ్మ సిస్టర్, "ఏందే, తలకాయ ఎక్కడుంటదో కూడా తెల్వదా నీకు? లైబ్రరీల చెప్పలేదా?" అని దెప్పింది. డాక్టరమ్మ మాత్రం నా బటర్ పేపర్లు అడిగి తీసుకుని ఒక్కొక్కటీ చూసింది. "బాగా వేశావు. కానీ ఇవి వేసినవాడు నావైపు నిలబడి వేశాడు. నువ్వు నా చోట నిలబడి చదువుకుని, వచ్చి అవతల నిలబడ్డావు. నీవైపు నిలబడి ఎవరూ పుస్తకం రాయలేదమ్మా" అంది. ఇంకా, "నా ఎదురుగా ఉన్నప్పుడు చదవద్దు. చూడు" అంది.

ఆ మాటలో సగమే నాకప్పుడు అర్థమైంది. ఎవరూ రాయకపోతే నేనే తిప్పుకుంటాను అనుకున్నాను. ఆదివారం లైబ్రరీకి పోయి, ఆ లావు పుస్తకాన్ని తలకిందులుగా పెట్టుకుని కూర్చున్నాను. అలా తల కుడివైపుకు, కాళ్లు ఎడమవైపుకు వచ్చాక, బొమ్మ బొమ్మనూ మళ్లీ దించాను. లైబ్రరీ సారు నా వెనక రెండుసార్లు తిరిగాడు. నేను ప్రతి ఆదివారం వచ్చి చదివే మనిషినని ఆయనకు నా మీద గౌరవం. మూడోసారి ఆగి మెల్లగా అన్నాడు:

"అమ్మా, ఏమనుకోకుండ్రి. బుక్కు ఉల్టా పట్టుకున్నరు."

"ఎర్కనే సార్. నేను గట్లనే నిలబడాలె."

ఆయన నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, ఫ్యాను కింద కూర్చోమన్నాడు. ఎండ దెబ్బ అనుకున్నాడేమో. ఇన్నేళ్లు పుస్తకం చదవగలనన్న గర్వంతో తిరిగిన నేను, చదవడం రానిదానిలా అందరి ముందూ తలకిందుల పుస్తకంతో కూర్చున్నాను. అంత బాగా నేను ఇంకెప్పుడూ చదువుకోలేదు.

గడువుకు నాలుగు రోజుల ముందు చిల్కానగర్ నుంచి మిషన్ కుట్టే ఒకావిడ వచ్చింది. రాళ్లే. ఇదే నీకు ఆఖరి అవకాశమని డాక్టరమ్మ అనలేదు, కానీ నాకు తెలుసు. జూనియర్ డాక్టరు ఈసారి నా వెనక నిలబడ్డాడు. తలవైపు అంటే తలవైపే లాగాను. అడిగితేనే అందించాను. అంకెలు గుర్తొచ్చినా నోరు మూసుకుని ఆమె చేతులనే చూశాను. పిత్తాశయం బయటికి వచ్చింది. ఇక మూయడమే అనుకుంటుండగా అడుగున ఎర్రగా ఊరింది. గుడ్డతో అద్దితే మళ్లీ ఊరింది. డాక్టరమ్మ కట్టిన నరాన్ని చూసింది, కాలేయానికి పిత్తాశయం అతుక్కుని ఉన్న చోటును చూసింది. అక్కడేమీ లేదు. "కిందినుంచే మేడమ్" అన్నాడు జూనియర్ డాక్టరు. అద్దడం, ఊరడం. మత్తు డాక్టరు తల ఎత్తి చూశాడు. ఆమె నుదుటి మీద చెమటను మరియమ్మ సిస్టర్ తుడిచింది.

"ఎక్కడి నుంచమ్మా ఇది?" అంది డాక్టరమ్మ తనలో తాను.

ఏ పేజీలో ఉందోనని ఒక్క క్షణం వెతికాను. ఏ పేజీలోనూ లేదు. అప్పుడు చూశాను. డాక్టరమ్మ వంగి ఉన్న వైపున, ఆమెకు దగ్గరగా ఉన్న కోత అంచు కింద, కండలోంచి దారం పోగంత సన్నటి ఎర్రటి గీత లోపలికి జారుతోంది. అంచు మీదుగా వంగి చూసే ఆమెకు అది కనపడదు. ఎంత వంగినా కనపడదు. నాకు కనిపిస్తోంది, అరచేతిలో గీత కనిపించినట్టు. అడగనిదే మాట్లాడకూడదని నియమం. నోరెత్తకుండా, అద్దే గుడ్డ మడిచి ఆ చోట అదిమాను. అడుగున ఊరడం ఆగిపోయింది.

"మేడమ్, మీ దిక్కు అంచు కింద" అన్నాను.

ఆమె మెడ సాచి చూడబోయి ఆగింది. తన వైపునుంచి చిమటా దించి, నేను చెప్పినట్టు కొంచెం ఎడమకు, కొంచెం పైకి జరిపి పట్టుకుంది. "నాకు కనపడటం లేదు. నువ్వే కట్టు" అంది. మరియమ్మ సిస్టర్ నల్లదారం నా అరచేతిలో పెట్టింది. వెనక జూనియర్ డాక్టరు ఊపిరి వినిపించింది. నేను దారాన్ని గుంజలేదు. వేలును దించాను. చూపుడు వేలి కొసకు వెచ్చగా, మెత్తగా, బతికున్న మనిషి తగిలింది. ముడి ఎక్కడ కూర్చోవాలో వేలికి తెలిసింది. చిమటా తీసేశాక అందరం ఆ అడుగు వైపే చూస్తూ నిలబడ్డాం. పొడిగా ఉంది. కాలేయం ఊపిరితో పాటు మెల్లగా పైకి లేచి దిగింది.

సాయంత్రం నోటుబుక్కు అడిగి తీసుకుంది డాక్టరమ్మ. ఆ చోటు గురించి ఆమె నాతో ఏమీ అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. తిరిగిచ్చిన పేజీలో రెండే వాక్యాలున్నాయి. 'నావైపు అంచు నేను చూసుకోలేదు. సుగుణ చూసింది.' కింద సంతకం. ఆ రాత్రి చదివి వినిపిస్తే అత్తమ్మ, "తప్పు ఆమెది, పేరు నీది. మంచిగనే ఉంది" అంది. చీర కొంగు పోగు లాగుతూ, "ముడి ఊడలే కదా?" అని అడిగింది. నర్సింగ్ హోమ్‌లో ఉన్న ఆ మిషన్ కుట్టే ఆవిడ ఇంటికి వెళ్లేదాకా రోజూ అదే అడిగింది.

ఆ తర్వాత పాతికేళ్లు ఆ బల్లకు ఆవలి వైపు నిలబడ్డాను. అత్తమ్మ పోయింది. డాక్టరమ్మా పోయింది. నర్సింగ్ హోమ్ ఉన్న చోట ఇప్పుడు ఫర్నిచర్ దుకాణం ఉంది. అప్పుడు ఒక పొట్టను తెరవాలంటే జానెడు కోత, పది రోజుల మంచం. మొన్న నేను రెండో రోజే నడిచి ఇంటికొచ్చాను. అప్పటిదే మేలని ఎలా అంటాను?

పట్టీలు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు నోటుబుక్కు వెంట తీసుకెళ్లాను. థియేటర్‌లో నా పొట్టలోకి చిన్న రంధ్రం గుండా కెమెరా దించి పట్టుకున్న అమ్మాయి వచ్చింది. దమ్మాయిగూడ పిల్ల, ఇదే పని నేర్పే డిగ్రీ చదివిందట. ఫోన్‌లో నా ఆపరేషన్ చూపించింది. తళతళలాడుతూ నా కాలేయం అంచు. ఊపిరితో పైకీ కిందికీ. అన్నేళ్లు ఎంతమందివో చూశాను కానీ, నాది చూస్తూ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. తర్వాత బటర్ పేపర్ విప్పి ఆమె ముందు పెట్టాను.

"తలకిందులుంది ఆంటీ" అని తిప్పబోయింది.

"ఉండనియ్ బిడ్డా. నేను నిలబడ్డది గటు దిక్కే. మీ సారు నా దిక్కుకు ఎందుకొచ్చి నిలబడ్డడు?"

ఆమె నవ్వింది. "ఈ ఆపరేషన్ల సార్లు ఎడమ దిక్కే నిలబడతరు ఆంటీ. నేను పక్కనే ఉంట."

"మరి ఎదురుంగ?"

"ఎదురుంగ టీవీ ఉంటది. ఆ దిక్కు ఇంకొకలున్నా వాళ్లు కూడ టీవీనే సూస్తరు."

ఇన్నేళ్లకు డాక్టర్లే నా వైపుకు వచ్చేశారన్నమాట. ఎవరూ రాయని పుస్తకం వైపుకు. అయితే మీ సారు వైపు అంచును ఎవరు చూస్తారని అడిగాను. ఆ అమ్మాయి ఫోన్‌లో వీడియోను చివరికి జరిపింది. "గిది సూడండి. అంతా అయినంక కెమెరాను ఎనకకు తిప్పి, మేం పెట్టిన రంధ్రాలను లోపలి నుంచి సూస్తం. అక్కడి నుంచి రక్తం కారుతుందేమోనని. గట్ల సూసుడు ఎట్ల మొదలైందో మాకు చెప్పలే, సూడాల్నని మాత్రం నేర్పిన్రు."

నేను నోటుబుక్కులో ఆవేళ డాక్టరమ్మ రాసిచ్చిన పేజీ తీసి ఆమెకిచ్చాను. ఆమె ఆ రెండు వాక్యాలను ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. అడిగి, ఫోన్‌తో ఫోటో తీసుకుంది. నా బొమ్మలను కాదు, ఆ రెండు వాక్యాలనే.